ఆరుబయట పడుకునేవాళ్లకి చలికాలపు సాయం: రాయగడ, కొరాపుట్ వైపు ఏం ఇవ్వాలి, ఎప్పుడు, ఎలా

దక్షిణ ఒడిశాలోని రాయగడ స్టేషను చుట్టుపక్కల, మజ్జిగౌరమ్మ గుడి దారిలో పడుకునేవాళ్లకి కొత్త సంవత్సరం మొదటి రాత్రి యాభై దుప్పట్లు పంచాలనుకుంటున్నామని మీ సంఘంవాళ్లు అన్నారు. పోయినేడు పంచినవి వారం తిరిగేసరికి ఎవరి దగ్గరా కనబడలేదని, అమ్ముకున్నారేమోనని, ఈసారి డబ్బు వృథా కాకుండా ఏం చెయ్యాలని అడిగారు. ముందే ఒక మాట. యాభై దుప్పట్లకి సరిపడే డబ్బుంటే ముప్పై మందికి పూర్తి పడక ఏర్పాటు చెయ్యండి. మిగతా ఇరవై మందికి సంక్రాంతిలోగా మళ్లీ చందా వసూలు చేసుకోవచ్చు. సగం సగం ఇచ్చిన సాయం ఎవరికీ రాత్రి గడవనివ్వదు.

తేదీ సంగతి. దీపావళికి దీపమంత చలి, సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి, శివరాత్రికి శివశివా అంటూ పోయే చలి అని మనవాళ్లు చెప్పే లెక్క ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. కార్తీకం వెళ్లేలోపు, నవంబరులోనే, మొదటి విడత సామాను వాళ్ల చేతిలో ఉండాలి. డిసెంబరు రెండో పక్షం నుంచి జనవరి నెలంతా గట్టి చలి. జనవరి 1 దాకా ఆగితే డిసెంబరు చలిని ఆ మనుషులు ఒట్టి ఒంటితో భరించినట్టే. పైగా ఆ రోజు ఇంకో రెండు మూడు బృందాలు అదే స్టేషనుకి అవే దుప్పట్లతో వస్తాయి. ఒకే మనిషికి మూడు దక్కుతాయి, గూడ్సు షెడ్డు వెనక పడుకున్న ముసలాయనకి ఒకటీ దక్కదు. కొత్త ఏడాదిని ఈ పనితో మొదలుపెట్టాలన్న మీ కోరిక చాలా మంచిది. అందుకే ఆ రాత్రికి రెండో విడత పెట్టుకోండి: నవంబరులో ఇచ్చినవి ఉన్నాయా, ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు దగ్గుతున్నారు అని తిరిగి చూసుకునే విడత.

చలి అన్నిచోట్లా ఒక్కలా ఉండదు. రాయగడ నాగావళి ఒడ్డున, పల్లంలో ఉంది. కొరాపుట్ దాదాపు 2,850 అడుగుల ఎత్తున పీఠభూమి మీద ఉంది. సెమిలిగుడ, పొట్టంగి వైపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందకి దిగడం ఏటా చూసేదే. అక్కడ పడుకునే మనిషికి రాయగడ కొలత చాలదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మరీ ప్రమాదం. మబ్బు లేకపోతే నేలలోని వేడి, ఒంట్లోని వేడి నేరుగా పైకి పోతాయి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య మంచు కురిసి దుప్పటి పైపొర తడుస్తుంది. తడిసిన నూలు దుప్పటి కప్పుకున్నా కప్పుకోకపోయినా ఒకటే. అందుకే నెత్తిమీద ఏదో ఒక కప్పు, రేకుల వసారా అయినా, కట్టిన బరకం (టార్పాలిన్) అయినా, ఉన్నచోటికి మనిషిని జరపగలిగితే అదే సగం సాయం. పాలిథిన్ షీటుని మాత్రం దుప్పటి మీద నేరుగా కప్పించకండి. ఒంటి ఆవిరి లోపలే నీరై, తెల్లారేసరికి లోపలి వైపు నుంచి తడిపేస్తుంది. బరకానికీ దుప్పటికీ మధ్య కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి, ఒక పక్క గాలి ఆడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఎక్కువ మంది వదిలేసేది ఇదే: కింద పరుపు. సిమెంటు అరుగు రాత్రంతా ఒంటి వేడిని లాగేస్తుంది. పైన రెండు కిలోల రగ్గు ఉన్నా, ఒంటి బరువుకి కింద నలిగిన గుడ్డలో గాలి నిలవదు కాబట్టి ఆ వైపు నుంచి చలి ఎక్కుతూనే ఉంటుంది. రగ్గుని సగం కిందేసుకుని సగం పైన కప్పుకుని ముడుచుకున్నవాళ్లని మీరు చూసే ఉంటారు. వాళ్లకి తెలిసిందే మనకీ తెలియాలి. కింద వేసే పొరలు ఈ వరసలో ఉండాలి. అన్నిటికంటే అడుగున పాత ఫ్లెక్సీ బ్యానరు, ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నేల చెమ్మ పైకి రాకుండా ఆపడమే దాని పని. ఎన్నికలకి, పండగలకి కట్టినవి ఊరినిండా ఉంటాయి, కట్టినవాళ్లని అడిగితే ఇస్తారు. బొమ్మ కిందకి వచ్చేలా వేయండి. దాని మీద అట్టపెట్టెలు విప్పి మూడు పొరలు. ఫ్రిజ్జు, టీవీ, కూలరు పెట్టెల అట్ట మంచిది. ముడతల మధ్య గాలి ఉంటుంది కనుక వేడి నిలుస్తుంది. అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా, ఇటుకలు పేర్చినట్టు మార్చి వేయాలి. ఆ పైన గోనె సంచి గానీ బొంత గానీ. జనవరిలో కళ్లాల దగ్గర వరిగడ్డి దొరుకుతుంది కదా అని గోనెల్లో కూరి పరుపులు చెయ్యాలనిపిస్తుంది. వెచ్చగానే ఉంటాయి, కానీ బీడీ నిప్పు పడితే ఆగవు, పదిరోజుల్లో ఎలకలు చేరతాయి. పల్లెలో చావిడికి సరే, స్టేషను దగ్గర వద్దు.

అట్టలు వారం పది రోజులకి నలిగిపోతాయి. కిరాణా కొట్టు, ఎలక్ట్రికల్ షాపు ఒక్కోదానితో మాట్లాడి పెట్టుకుని ఆదివారం ఆదివారం కొత్తవి వేస్తూ ఉండాలి. ఖర్చు లేని పని, కానీ మనిషి వెళ్లాలి.

దుప్పటి కొనేటప్పుడు ధర కంటే ముందు బరువు అడగండి. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్నది దాదాపు మూడున్నర చదరపు మీటర్లు. అది 1.4 కిలోలు తూగితే చదరపు మీటరుకి 400 గ్రాములు. రాయగడ చలికి, కింద పరుపు సరిగా ఉంటే, ఇది చాలు. కిలో లోపు తూగేది కళ్లకి దుప్పటిలా కనబడుతుంది గానీ రాత్రి రెండింటికి చేతులెత్తేస్తుంది. కొరాపుట్, సెమిలిగుడలకి రెండు కిలోల ఒక్కటి కంటే 1.2 కిలోలవి రెండు మేలు: రెంటి మధ్య గాలి పొర ఉంటుంది, ఒకటి తడిస్తే ఇంకోటి ఉంటుంది, ఉతికితే త్వరగా ఆరతాయి. పంచడానికని చవగ్గా అమ్మేవి ఎక్కువ భాగం పానిపట్‌లో పాత ఉన్ని బట్టల్ని పీకి, మళ్లీ వడికి నేసినవి. వాటిలో మంచివీ ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి వేళ్లతో చిటికెడు పట్టి లాగండి, పీచు గుప్పెడు ఊడొస్తే ఒక్క ఉతుకుతో పలచబడుతుంది. వెలుగుకి ఎత్తి చూడండి, ఎదుటి మనిషి ముఖం కనబడితే వద్దు. తడి తెల్లగుడ్డతో రుద్దండి, రంగు దిగితే ఒంటికి దురద. ఒక పోగు తీసి వెలిగిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి ఆరిపోయేది ఉన్ని, కరిగి నల్లని పూస కట్టేది పాలిస్టరు. మంట పక్కన పడుకునేవాళ్లకి మెత్తటి పాలిస్టరు రగ్గు ఇవ్వకూడదు. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

నన్నడిగితే అన్నిటికంటే మంచిది మన బొంత. నాలుగైదు పాత నూలు చీరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్టుపోగు వేస్తే కిందకీ పైకీ పనికొస్తుంది. భోగికి ముందు ఇళ్లలో పాత బట్టలు, చాపలు, స్వెటర్లు బయటికి తీస్తారు. భోగిమంటకి కర్రలూ పిడకలూ చాలు, బట్టలు మాకివ్వండని వీధిలో పది రోజుల ముందే చెప్పిపెట్టండి. వచ్చినవాటిని అదే రోజు మూడు కుప్పలు చెయ్యాలి: ఉతికి ఇవ్వదగ్గవి, బొంతలకి పనికొచ్చేవి, పారెయ్యాల్సినవి. చిరిగిన ప్యాంట్లు, జిప్పు ఊడిన సంచులు పేదవాడికి సరిపోతాయిలే అని మూటలో కలిపెయ్యడం చాలా చోట్ల జరుగుతోంది. అది మన చెత్త వాళ్ల నెత్తిన వెయ్యడమే. బొంతలు కుట్టే పని అదే వీధిలోని ఆడవాళ్లకి కూలి ఇచ్చి చేయించండి.

మనిషికి ఇచ్చేది ఇంతయ్యింది: ఫ్లెక్సీ, అట్టలు, బొంత లేదా గోనె, దుప్పటి, చెవులు మూసే మంకీ క్యాపు, రెండు జతల మేజోళ్లు, పాదాల పగుళ్లకి చిన్న వాజిలిన్ డబ్బా, ఇవన్నీ పట్టే తాడు సంచి. ఈ సంచి చిన్న విషయంలా ఉంటుంది. మీ దుప్పట్లు ఎందుకు మాయమయ్యాయన్న ప్రశ్నకి జవాబు మాత్రం ఇక్కడే ఉంది. పగలంతా ఆ రగ్గు ఎక్కడ పెట్టాలి? భుజాన వేసుకుని కాగితాలు ఏరుకోలేరు, కూలికి వెళ్లలేరు. మూల పెట్టి వెళితే ఊడ్చేవాళ్లు చెత్తబండిలో వేస్తారు, లేదా ఇంకొకరు తీసుకుంటారు. మంచుకి తడిసి ఆరబెట్టే చోటు లేక కంపు కొట్టి వదిలేసేవి ఇంకొన్ని. అమ్ముకునేవాళ్లూ ఉంటారు, ఆకలేసినవాడు మధ్యాహ్నం తిండికోసం రాత్రి వెచ్చదనాన్ని అమ్ముకుంటే తప్పుపట్టాల్సిన పని లేదు. బియ్యం సంచులు రెండు కలిపి కుట్టి, మూతికి తాడు పెట్టి ఇవ్వండి. స్టేషను ఎదుట ఒక టీ కొట్టువాళ్లతోనో, సత్రం కాపలాదారుతోనో మాట్లాడి పగటిపూట సంచులు పెట్టుకునే మూల ఒకటి చూడండి. రోజూ ఎండలో ఆరేసే తాడు ఒకటి కట్టండి. దుప్పటి మూల చిన్న రంగు గుర్తు వేస్తే ఎవరిదేదో తెలుస్తుంది, అమ్మకం కూడా తగ్గుతుంది. దాత పేరు, మీ సంఘం పేరు మాత్రం అచ్చు వెయ్యకండి. ఆ పేరు కప్పుకుని పడుకోవాల్సిన మనిషి వైపు నుంచి ఆలోచించండి.

పంచేముందు లెక్క తియ్యాలి. రాత్రి ఎనిమిదింటికి వెళితే స్టేషన్లో పడుకున్నవాళ్లలో సగం మంది తెల్లవారు బండికి వచ్చిన ప్రయాణికులు. సంత ముందురోజు సాయంత్రం కొండల మీంచి దిగి అరుగుల మీద పడుకునే కువి మాట్లాడే కొండజనం, సవరలు కూడా ఉంటారు. వాళ్లకి కావలసింది ఆ ఒక్క రాత్రికి కప్పు, మంట. ఇల్లులేనివాళ్లు ఎవరో తెలియాలంటే రాత్రి పదకొండు దాటాక ఒకసారి, వేరే రోజు తెల్లవారు నాలుగింటికి ఒకసారి తిరగాలి. ప్లాట్‌ఫారం మీద బిచ్చమెత్తడం 1989 రైల్వే చట్టం కింద నిషేధం. తరుముతారన్న భయంతో చాలామంది బయట, గూడ్సు షెడ్డు వసారాలో, వంతెన కింద, మూసిన కొట్ల మెట్ల మీద ఉంటారు. కాబట్టి ముందు స్టేషను మేనేజరుకి, రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) వాళ్లకి చెప్పి వెళ్లండి. ఆస్పత్రుల వసారాలు మరచిపోకండి. కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల లాంటి పెద్దాసుపత్రికి దూరం నుంచి వచ్చిన రోగుల వెంట ఉండేవాళ్లకి ఊళ్లో ఇల్లుంటుంది గానీ ఇక్కడ వారాల తరబడి నేలే గతి.

నోటుపుస్తకంలో ఒక్కొక్కరికీ ఒక పంక్తి: చోటు, సుమారు వయసు, ఏ భాష, ఒంటరా, దగ్గు ఉందా, కాళ్లకి చెప్పులున్నాయా. పేరు చెప్పకపోతే అడగొద్దు. ఫోటోలు వద్దే వద్దు. ఇంట్లో దెబ్బలు తప్పించుకుని వచ్చిన ఆడమనిషి ముఖం ఫోన్లలో తిరిగితే వెతికేవాళ్లకి దారి చూపించినట్టే.

ఇవ్వడం ఒక మూటగా వెళ్లి గుంపులో పంచడం కాకూడదు. జీపు దిగి లైట్లు వేసి పిలిస్తే బలమున్నవాడు ముందుకొస్తాడు, కుంటివాడు చోటు కదలలేడు. ఇద్దరిద్దరుగా, నడిచి వెళ్లండి, బృందంలో కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి. ఒంటరి ఆడమనిషి దగ్గరికి వాళ్లే వెళ్లాలి. నిద్రపోతున్నవాళ్ల మీద చడీచప్పుడు లేకుండా దుప్పటి కప్పడం చూడ్డానికి బాగుంటుంది, కానీ వీధిలో నిద్రపోయే మనిషి చీకట్లో ఎవరో మీద వంగితే దొంగే అనుకుంటాడు. కాళ్ల వైపు, నాలుగడుగుల దూరంలో కూర్చుని, "తాతా, చలేస్తోందా?" అని అడగండి. తెలుగు రాకపోతే ఒడియాలో "మౌసీ, శీత కరుఛి కి?" అంటే చాలు. ఏం కావాలని అడగండి. ఒకరికి దుప్పటి ఉంటుంది, చెప్పులుండవు. వద్దన్నవాళ్లకి బలవంతం చెయ్యకండి, మర్నాడు మళ్లీ అడగండి.

ప్రాణం పోయే పరిస్థితిని గుర్తుపట్టడం మీ బృందంలో ప్రతి ఒక్కరికీ రావాలి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కిందకి దిగితే అది చలి దెబ్బ. మొదట గట్టి వణుకు. ఇంకా దిగితే మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, పిలిస్తే అయోమయంగా చూస్తారు. 32 దాటి కిందకి పోతే వణుకు ఆగిపోతుంది. వణుకు ఆగింది కదా తేరుకున్నాడనుకోకండి, అది ముదిరిన గుర్తు. తూలడం, ముద్దమాట చూసి "తాగి పడిపోయాడులే" అని దాటిపోతారు, చావులు అక్కడే జరుగుతాయి. నోట్లో సారా వాసన వచ్చినా చలి దెబ్బ ఉండొచ్చు. అసలు తాగినవాడికే ఎక్కువ ప్రమాదం: మద్యం చర్మం కింది రక్తనాళాల్ని తెరిచి వెచ్చగా అనిపించేలా చేస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. ముసలివాళ్లకి, చిక్కిపోయినవాళ్లకి వణుకు సరిగా రాదు. మానసిక వ్యాధికి వాడే కొన్ని మందులు కూడా ఒంటి వేడిని నిలుపుకోనివ్వవు. చెప్పి, బట్ట కింద పొట్ట మీద మీ మునివేళ్ల వెనకవైపు ఆనించి చూడండి. చేతులు చల్లగా ఉండటం మామూలే, పొట్ట చల్లగా ఉంటే 108కి ఫోన్ చెయ్యండి. మామూలు డిజిటల్ థర్మామీటరు 32 కింద అంకె చూపించదు, "లో" అని మాత్రమే చూపిస్తుంది. అది పాడైందనుకోవద్దు.

బండి వచ్చేలోపు: తడి బట్టలు తీసి పొడివి వెయ్యండి, కింద అట్టలు దూర్చండి, తల మెడ కప్పండి. ముందు ఛాతీ, చంకలు, గజ్జలు వెచ్చబడాలి. లీటరు సీసాలో సగం మరిగిన నీళ్లు, సగం మామూలు నీళ్లు పోసి, మూత బిగించి, తువ్వాలు రెండు చుట్లు చుట్టి చంకల దగ్గర పెట్టండి. సీసా నేరుగా చర్మానికి తగలకూడదు. చక్కెర జబ్బుతో స్పర్శ పోయిన కాళ్లకి కాలినా తెలియదు. తెలివిగా ఉండి, మింగగలిగితేనే తియ్యటి వేడి టీ గుక్కగుక్కగా. చేతులు కాళ్లు గట్టిగా రుద్దకూడదు, లేపి నడిపించకూడదు, మంట దగ్గరికి ఈడ్చుకెళ్లకూడదు, సారా పొయ్యకూడదు. బాగా చల్లబడిన మనిషిని కుదిపితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

మంట గురించి ఇంకొంచెం. టైర్లు, ప్లాస్టిక్ కాల్చుకునేచోట కట్టెలు తెచ్చి ఇవ్వండి, పడకలకి రెండు మీటర్ల దూరం ఉంచమనండి, ఎందుకంటే మీరిచ్చిన అట్టలే ముందు అంటుకుంటాయి. బొగ్గుల కుంపటిని మూసిన గదిలోకి, ఆటోలోకి, లారీ క్యాబిన్‌లోకి తీసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది, దానికి వాసన ఉండదు, పడుకున్నవాళ్లు లేవరు. బూడిద కప్పిన బొగ్గు కూడా అంతే.

తిండికి ఈ ప్రాంతంలో చోడి (రాగి) అంబలిని మించింది లేదు. అటు కొరాపుట్ వైపు దేశియా మాట్లాడే జనానికి అదే మాండియా పేజ్. ముప్పై మందికి కిలోంపావు చోడిపిండి, గుప్పెడు నూకలు, తొమ్మిది పది లీటర్ల నీళ్లు, ఉప్పు. పిండిని ముందు చల్లనీళ్లలో కలిపి, నూకలు ఉడికాక పోసి, కలుపుతూ పావుగంట ఉడికించాలి. మూతబిగి ఉన్న స్టీలు ఫ్లాస్కులో రాత్రి పదకొండుకి కూడా వేడిగా ఉంటుంది. రోజుల తరబడి తిననివాళ్లకి మొదట అరగ్లాసే ఇచ్చి, కాసేపాగి మళ్లీ ఇవ్వండి.

మీరు మొయ్యలేనివి కొన్నుంటాయి, వాటికి ఫోన్ నంబర్లు జేబులో ఉండాలి. పద్దెనిమిది లోపు పిల్లలు ఒంటరిగా కనబడితే 1098. వాళ్లని మీ ఇంటికి తీసుకెళ్లకండి. 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకి వెళ్లాలి. వదిలేసిన ముసలివాళ్లకి 14567, పగటివేళ పనిచేస్తుంది. మతిస్థిమితం తప్పి తిరిగేవాళ్లని రైళ్లలోంచి ఏ స్టేషన్లో పడితే ఆ స్టేషన్లో దించేస్తుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటివాళ్లని కాపాడి 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య సంస్థకి తీసుకెళ్లడం పోలీసు స్టేషను బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లులేని మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ కూడా రాయాలి. ఈ సెక్షన్ కాగితం మీద రాసుకుని వెళ్లి మర్యాదగా చూపించండి, పని త్వరగా అవుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకి ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. గజ్జి ఉన్నవాళ్ల దుప్పటి వేడినీళ్లలో ఉతకాలి, లేదా పాలిథిన్ సంచిలో బిగించి వారం ఉంచాలి. పక్కపక్కన పడుకునేవాళ్లందరికీ ఒకేసారి మందు పుయ్యకపోతే మళ్లీ వస్తుంది.

సరిహద్దు కావడం వల్ల ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. రాయగడలో పడుకునే తెలుగు ముసలివాళ్లలో పార్వతీపురం, సాలూరు వైపు నుంచి వచ్చినవాళ్లుంటారు, పేరు అక్కడ, మనిషి ఇక్కడ. ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు, ఒకటో తారీకున ఇంటి దగ్గర ఇస్తారు. ఊరి పేరు చెప్పగలిగితే అక్కడి సచివాలయానికి ఫోన్ చేసి పింఛను బతికి ఉందో లేదో కనుక్కోండి. నెల నెలా డబ్బు వచ్చే తల్లిని మళ్లీ ఇంట్లో పెట్టుకోవడానికి కొందరు కొడుకులు ఒప్పుకుంటారు. ఆమె మనసు మాత్రం ముందు అడగాలి. కొట్టిన ఇంటికి పింఛను కోసం పంపడం సాయం కాదు. రేషను కార్డు ఆంధ్రాదైనా ఒడిశా డిపోలో వేలిముద్రతో బియ్యం తీసుకోవచ్చు, కానీ వండుకునే చోటు లేనివాళ్లకి బియ్యం వల్ల లాభం తక్కువ. అలాంటివాళ్లకి ఒడిశా ప్రభుత్వం నడిపే అయిదు రూపాయల ఆహార్ కేంద్రం భోజనం దారి చూపించండి.

పురపాలక కార్యాలయంలో ఆశ్రయ గృహం గురించి లిఖితపూర్వకంగా అడగండి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన లెక్క లక్ష జనాభాకి కనీసం వందమందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు. మీ నోటుపుస్తకంలోని రెండు రాత్రుల లెక్క ఆ అర్జీకి జత చెయ్యండి. ఇక్కడ ఇల్లులేనివాళ్లెవరూ లేరు అన్న జవాబు వస్తే, అది తప్పని చూపడానికి ఆ లెక్కే ఆధారం.

ఇచ్చిన మూడో రాత్రి, పదో రాత్రి, తర్వాత వారానికొకసారి తిరగండి. సగం మంది దగ్గర దుప్పటి లేకపోతే కొత్తవి కొనకుండా, ముందు సంచులు పెట్టే చోటు ఏమైందో చూడండి. శివరాత్రి దాటాక ఎండలు ముదిరేలోపు, ఎవరికి మోత బరువనిపిస్తే వాళ్ల దుప్పట్లు అడిగి తీసుకుని, ఉతికి, రెండు ఎండలు పూర్తిగా ఆరబెట్టి, ఎండు వేపాకు వేసి రేకుపెట్టెలో దాచండి. మూల రంగు గుర్తు పక్కనే మనిషి గుర్తు రాసి ఉంచితే వచ్చే కార్తీకంలో ఎవరిది వాళ్లకి తిరిగివ్వొచ్చు.